చలి ఉదయం స్టార్టయ్యాక రేజ్ కాని డీజిల్ కారు: లోపాన్ని వెతకవలసిన క్రమం

మీరు రాసిన వివరాలు ఇవి. పాడేరులో వాడుతున్న మీ కారు 2014 మోడల్, ఇంజన్ 1,248 సీసీ కామన్ రైల్ డీజిల్, ఇప్పటికి లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. డిసెంబరు మొదలైనప్పటి నుంచి తెల్లవారుజామున మొదటి సెల్ఫ్‌కే స్టార్టవుతోంది గానీ, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ముల్లు 1,200 ఆర్పీఎం దగ్గరే నిలిచిపోతోంది. పొగ రావడం లేదు, వణుకూ లేదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కొన్నిసార్లు వెంటనే మామూలుగా రేజ్ అవుతోంది, కొన్నిసార్లు రెండు మూడు మార్లు ఆపి స్టార్ట్ చేయవలసి వస్తోంది. వేడెక్కిన తరువాత రోజంతా ఏ ఇబ్బందీ లేదు. గ్యారేజీవారు డీజిల్ ఫిల్టరూ ఎయిర్ ఫిల్టరూ మార్చి, తేడా కనిపించకపోవడంతో ఇప్పుడు సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలంటున్నారు. మార్చాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే మార్చవద్దు. మీరు చెప్పిన లక్షణాల్లో ఇంజెక్టర్లను అనుమానించదగినది ఒక్కటీ లేదు, అనుమానించనక్కర లేదని చెప్పేవి మాత్రం రెండు మూడు ఉన్నాయి. ఇంజెక్టర్ల ఖర్చు చిన్నది కాదు, పైగా వాటిని ఊడదీసి బిగించడంలో కొత్త సమస్యలు వచ్చే అవకాశమూ ఉంది. కాబట్టి వెతకవలసిన క్రమాన్ని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

డీజిల్ ఇంజన్ ఎంత వేగంగా తిరగాలన్నది ప్రతి స్ట్రోక్‌లో సిలిండర్‌లో పడే డీజిల్ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. కామన్ రైల్ కార్లలో మీ పాదం కింద ఉన్న యాక్సిలరేటర్‌కూ పంపుకూ మధ్య తీగ ఏదీ లేదు. పెడల్ దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది, అది మీరు ఎంత తొక్కారో ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు, అంటే ఈసీఎంకు, వోల్టేజి రూపంలో చెబుతుంది. ఈసీఎం ఆ కోరికను ఇంజన్ వేడితో, గాలి పరిమాణంతో, రైల్‌లో, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలో, ఉన్న పీడనంతో సరిచూసుకుని ఎంత డీజిల్ పంపాలో నిర్ణయిస్తుంది. కనుక ఇంజన్ రేజ్ కాలేదంటే రెండింటిలో ఒకటి జరుగుతూ ఉండాలి. డీజిల్ పెంచమని ఈసీఎం ఆదేశించకపోయి ఉండాలి, లేదా ఆదేశించినా డీజిలో గాలో ఇంజన్‌కు అందకపోయి ఉండాలి. మొదటిది వైర్లూ సెన్సర్లూ స్విచ్‌లకు సంబంధించినది, రెండవది ఫిల్టర్లూ పైపులూ పంపూ వాల్వులకు సంబంధించినది. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా ఒక్క స్పేర్ కూడా కొనకూడదు. మీ గ్యారేజీలో జరగనిది సరిగ్గా ఇదే.

ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి కావలసిన ఆధారం చాలావరకు మీ మాటల్లోనే ఉంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే, ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే, సమస్య పోతోందన్నారు. ఫిల్టర్‌లో డీజిల్ చిక్కబడినా, పైపులో గాలి పట్టినా, కాలిన వాయువును కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసితో ఇరుక్కుపోయినా, తాళం తిప్పి మళ్లీ తిప్పిన పది సెకన్లలో అవి సర్దుకోవు. అటువంటి లోపాలు ఇంజన్ వేడెక్కే కొద్దీ నెమ్మదిగా తగ్గుతాయి, 1,200 నుంచి 1,500కు, అక్కడి నుంచి 2,000కు, దగ్గుతూ, వణుకుతూ. తాళం తిప్పగానే పూర్తిగా పోయేది ఈసీఎం తనకు తాను పెట్టుకున్న కట్టడి ఒక్కటే. ఏదో ఒక సెన్సర్ నుంచి వచ్చిన సంకేతం నమ్మదగినట్టు లేకపోతే ఈసీఎం ఆ ప్రయాణానికి యాక్సిలరేటర్‌ను పక్కనపెట్టి, కారు ఎలాగో ఇంటికి చేరేటంత వేగం మాత్రం ఇస్తుంది. లింప్ మోడ్ అని మెకానిక్‌లు అనేది దీన్నే. చాలా కార్లలో అప్పుడు ఇంజన్ మామూలు ఐడిలింగ్ కంటే కొంచెం ఎక్కువగా, 1,200 నుంచి 1,500 మధ్య ఒకే వేగంతో, ఎక్కడా తడబడకుండా తిరుగుతుంది. మీరు చెప్పిన 1,200, పొగ లేకపోవడం, వణుకు లేకపోవడం, మూడూ దీనికే సరిపోతున్నాయి. మీటర్ బోర్డులో చెక్ ఇంజన్ లైట్ వెలిగిందో లేదో మీరు రాయలేదు. రేపు ఉదయం అది తప్పక గమనించండి. స్టార్ట్ చేయకముందు తాళం ఆన్ చేసినప్పుడు ఆ లైటు అసలు వెలుగుతోందో లేదో కూడా చూడండి, ఎందుకంటే పాత కార్లలో అమ్మేముందు ఆ బల్బు పని చేయకుండా చేసిన సందర్భాలు ఉన్నాయి.

పరీక్ష ఏదైనా సమస్య ఉన్న వేళలోనే జరగాలి. మీరు మధ్యాహ్నం గ్యారేజీకి తీసుకువెళ్లే సరికి ఇంజన్ వేడెక్కి ఉంటుంది, వాళ్లు స్కానర్ పెట్టినా అన్నీ బాగానే కనిపిస్తాయి. కారును రాత్రి అక్కడే ఉంచి, ఉదయం మొదటి స్టార్ట్‌కు ముందే స్కానర్ తగిలించమని అడగండి. అది కుదరకపోతే కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని ఫోన్‌కు పంపే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి కొనుక్కుని ఫోన్‌లో మీరే చూసుకోవచ్చు. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ (కారు తన లోపాలను తానే నమోదు చేసుకునే ఏర్పాటు) రెండో దశ తప్పనిసరి అయింది కాబట్టి మీ 2014 మోడల్ స్టీరింగ్ కింది భాగంలో ఆ సాకెట్ ఉంటుంది. చవక అడాప్టర్‌లో అన్ని అంకెలూ రాకపోవచ్చు గానీ ఫాల్ట్ కోడ్‌లు, అంటే లోపాన్ని సూచించే సంఖ్యలు, వస్తాయి. ఆ కోడ్‌లను చదివి రాసుకునేవరకు చెరపవద్దు, బ్యాటరీ టెర్మినల్ కూడా విప్పవద్దు. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒక నమోదు ఉంటుంది, లోపం పుట్టిన క్షణంలో ఇంజన్ వేడి ఎంత, ఆర్పీఎం ఎంత, బ్యాటరీ వోల్టేజి ఎంత అన్నవి అందులో ఉంటాయి. కోడ్ చెరిపేస్తే ఇదీ పోతుంది, పోయినదాన్ని తిరిగి తెచ్చుకునే దారి లేదు.

ఇక పెడల్ సెన్సర్ సంగతి. నా అనుమానంలో మొదటిది ఇదే కాబట్టి దీని గురించి ఎక్కువ చెబుతాను. ఈ సెన్సర్‌లో ఒకదానికొకటి సంబంధం లేకుండా రెండు ట్రాక్‌లు ఉంటాయి. రెండింటికీ ఈసీఎం నుంచి 5 వోల్టుల సరఫరా వస్తుంది. చాలా కార్లలో పెడల్ వదిలేసి ఉన్నప్పుడు మొదటి ట్రాక్ 0.7 నుంచి 0.8 వోల్టు, రెండవది అందులో సగం చూపిస్తాయి. పూర్తిగా తొక్కితే మొదటిది 4 వోల్టుల దగ్గరకు, రెండవది 2 వోల్టుల దగ్గరకు వెళతాయి. మధ్యలో ఎక్కడ ఆపి చూసినా ఒకటి మరొకదానికి రెట్టింపుగా ఉండాలి. ఆ నిష్పత్తి తప్పితే ఏది నిజమో ఈసీఎంకు తెలియదు కనుక రెండింటినీ నమ్మడం మానేస్తుంది. పి2138 అనే కోడ్ ఈ పొందిక తప్పినప్పుడు వస్తుంది. పి2122, పి2123 మొదటి ట్రాక్ వోల్టేజి మరీ తక్కువో మరీ ఎక్కువో అయినప్పుడు, పి2127, పి2128 రెండవ ట్రాక్ అలా అయినప్పుడు వస్తాయి. ఈ కోడ్‌లలో ఏది కనిపించినా ఇంజెక్టర్ల మాట అక్కడితో పక్కన పెట్టవచ్చు.

చలి ఉదయమే ఎందుకు అన్నది సహజమైన సందేహం. సెన్సర్ కప్లర్, అంటే వైర్లను సెన్సర్‌కు కలిపే ప్లగ్గు, పెడల్ పైన, కాళ్ల దగ్గర ఉంటుంది. మన్యంలో చలికాలపు మంచుకు రాత్రంతా బయట నిలిపిన కారు లోపలి భాగాలపైనా తడి చేరుతుంది. తడి బూట్లతో ఎక్కడం, కింద వేసిన కార్పెట్ ఎప్పటికీ పూర్తిగా ఆరకపోవడం, ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుని నీరు లోపలికి రావడం దీనికి తోడవుతాయి. కప్లర్ ఊడదీసి వెలుతురులో చూస్తే ఆరోగ్యమైన పిన్నులు ఒకే రంగులో మెరుస్తూ ఉంటాయి. తడి తగిలినదానిలో ఒకటో రెండో పిన్నుల మొదట్లో పచ్చని పొడి పేరుకుని ఉంటుంది, లేదా ఆడ పిన్ను రేకులు వదులై మగ పిన్నును పట్టీ పట్టనట్టు ఉంటాయి. 5 వోల్టుల సర్క్యూట్‌లో అంత చిన్న అడ్డు చాలు, ఒక ట్రాక్ వోల్టేజి తప్పి రెండింటి పొందిక చెడిపోవడానికి. కారు లోపల వేడెక్కాక తడి ఆరుతుంది, మిగిలిన రోజంతా ఏమీ జరగనట్టే ఉంటుంది.

పరీక్ష సులువైనది. ఉదయం ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో ఉంచి, స్కానర్‌లో రెండు ట్రాక్‌ల గ్రాఫ్ తెరిచి, పెడల్‌ను పది సెకన్లు పట్టేలా అతి నెమ్మదిగా కింది దాకా తొక్కి, అంతే నెమ్మదిగా వదలాలి. రెండు గీతలూ ఎక్కడా తెగకుండా, వణకకుండా పైకి వెళ్లి కిందికి రావాలి. ట్రాక్ అరిగిపోయి ఉంటే రోజూ పాదం ఎక్కువగా ఉండే చోట, అంటే తొక్కుడులో మొదటి పావు భాగంలో, గీత ఒక్కసారి కిందికి గుచ్చుకుని మళ్లీ లేస్తుంది. అది కప్లర్ తప్పు కాదు, సెన్సర్ మార్చవలసిందే, చాలా కార్లలో పెడల్‌తో కలిపే వస్తుంది. గీతలు బాగుండి, వైరును చేత్తో కదిలించినప్పుడు మాత్రమే చెదిరితే లోపం కప్లర్‌లోనో వైరింగ్‌లోనో ఉంది. అప్పుడు కాంటాక్ట్ క్లీనర్‌తో పిన్నులు శుభ్రం చేసి, వదులైనవాటిని సన్నని పనిముట్టుతో దగ్గరికి నొక్కి, బాగా ఆరాక బిగించాలి. గ్రీజు పూయడం, పిన్నులను గరుకు కాగితంతో రుద్దడం చేయవద్దు, పైపూత పోతే అదే చోట మళ్లీ త్వరగా తుప్పు పడుతుంది. ఇంకొక చిన్న మాట: పెడల్ కింద రబ్బరు మ్యాట్ మడతపడి పెడల్‌ను పూర్తిగా కిందికి వెళ్లనీయకపోయినా రేజ్ తక్కువగానే ఉంటుంది. కనుక ముందు మ్యాట్ తీసేసి చూడండి.

పెడల్ బాగుందని తేలితే బ్రేక్ స్విచ్ చూడాలి. బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కినట్టు సంకేతం వస్తే చాలా కార్ల ఈసీఎం భద్రత కోసం బ్రేక్‌ను నమ్మి డీజిల్‌ను తగ్గిస్తుంది. స్విచ్‌లో రెండు కాంటాక్ట్‌లు ఉంటాయి, ఒకటి వెనుక ఎర్ర లైటుకు, ఒకటి ఈసీఎంకు. ఒకటి తొక్కినట్టు, మరొకటి వదిలినట్టు చెబితే పి0504 వస్తుంది. తెల్లవారుజామున చీకట్లోనే, బ్రేక్ మీద కాలు లేకుండా తాళం ఆన్ చేసి, వెనుక ఎర్ర లైట్లు వెలిగి ఉన్నాయేమో ఇంట్లో ఎవరినైనా చూడమనండి. స్విచ్ ఖరీదు తక్కువే, సర్దుబాటుతోనే పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మూడవది బ్యాటరీ, ఎర్త్. చాలామంది దీన్ని కొట్టిపారేస్తారు, ఎందుకంటే కారు ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతోంది కదా అని. చల్లని ఇంజన్‌ను తిప్పేటప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది, హీటర్ ప్లగ్‌లు కూడా అదే సమయంలో కరెంటు లాగుతాయి, వయసైన బ్యాటరీ వోల్టేజి ఒక్క క్షణం బాగా పడిపోతుంది. ఇంజన్ తిరుగుతుంది గానీ ఆ క్షణంలో సెన్సర్ల సరఫరా తడబడితే, ఈసీఎం స్టార్ట్‌లో చేసుకునే సరిచూపులు తప్పి కట్టడిలోకి వెళ్లవచ్చు. రెండోసారి స్టార్ట్ చేసేటప్పుడు ఇంజన్ ఒకసారి తిరిగి ఉంటుంది కాబట్టి వోల్టేజి అంతగా పడదు, సమస్యా రాదు. మీ లక్షణానికి ఇది కూడా సరిపోతుంది కనుక వదిలేయకూడదు. ఉదయం మొదటి సెల్ఫ్‌లో బ్యాటరీ టెర్మినల్స్ మీద మల్టీమీటర్ పెట్టి చూడండి. 10 వోల్టుల కంటే కిందికి దిగుతుంటే బ్యాటరీని లోడ్ టెస్ట్ చేయించాలి. అదే సమయంలో బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ దిమ్మెకూ మధ్య కొలిస్తే అర వోల్టు కంటే తక్కువే ఉండాలి. ఎక్కువ ఉంటే ఎర్త్ తీగ మొదట్లో తుప్పు గీకి బిగిస్తే సరిపోతుంది. పెడల్ ఒక్కదానికే కాక, రైల్ ప్రెషర్ సెన్సర్, బూస్ట్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి పీడనాన్ని కొలిచేది) వంటి వాటికి కూడా ఒకేసారి కోడ్‌లు వస్తే, వాటన్నింటికీ వెళ్లే 5 వోల్టుల తీగ ఎక్కడో రాసుకుపోయిందనో, ఎలుక కొరికిందనో అనుమానించాలి. చలికాలంలో ఆగిన ఇంజన్ వెచ్చదనానికి ఎలుకలు బోనెట్ కింద చేరడం మన ఊళ్లలో కొత్త కాదు. ఇంజన్ పైకప్పు తీసి టార్చితో వైరింగ్‌ను ఒకసారి పూర్తిగా చూడండి.

ఇప్పుడు రెండవ అవకాశం. ఉదయం స్కానర్‌లో పెడల్ శాతం సరిగానే పెరుగుతూ, కోడ్‌లేమీ లేకుండా, అయినా ఇంజన్ లేవకపోతే అప్పుడు రైల్ ప్రెషర్ చూడాలి. స్కానర్ రెండు అంకెలు చూపిస్తుంది, ఈసీఎం కోరిన పీడనం ఒకటి, రైల్‌లో నిజంగా ఉన్న పీడనం ఒకటి. ఐడిలింగ్‌లో ఇలాంటి ఇంజన్లలో అది సుమారు 250 నుంచి 350 బార్ ఉంటుంది, తొక్కే కొద్దీ పెరుగుతుంది. కోరినది పెరిగి, నిజమైనది వెనుకబడితే డీజిల్ అందడం లేదు, పి0087 వచ్చేదీ అప్పుడే. కోరినదే పెరగకపోతే సమస్య మళ్లీ ఆదేశం వైపే ఉంది, వెనక్కి వెళ్లి పెడల్, బ్రేక్ స్విచ్ చూడాలి. ఈ ఒక్క పరీక్షకు పట్టే సమయం రెండు నిమిషాలు, దీన్ని చేయకుండా ఇంజెక్టర్లకు ధర చెప్పిన గ్యారేజీ మాటను నేనైతే అంగీకరించను.

డీజిల్ అందడం లేదని తేలితే తక్కువ పీడనం ఉన్న వైపు నుంచి మొదలుపెట్టాలి. ఫిల్టర్ తరువాత ఉన్న పైపు స్థానంలో కొద్దిసేపు పారదర్శకమైన పైపు పెట్టి, బుడగలు వస్తున్నాయేమో చూడాలి. రాత్రంతా నిలిచిన కారులో సన్నని పగులు గుండా గాలి చేరి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి దిగిపోతుంది, అటువంటి కారు ఉదయం స్టార్టయి, కొద్ది సెకన్ల తరువాత తడబడుతుంది. ఇప్పుడే ఫిల్టర్ మార్చారు కాబట్టి దాని వాషర్లు సరిగా కూర్చున్నాయో లేదో చూడడం ఇంకా అవసరం. ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే మరను విప్పి, వచ్చినదాన్ని గాజు సీసాలో పట్టి అరగంట నిలపండి, నీరుంటే అడుగున విడిగా కనిపిస్తుంది.

పాడేరు చలికి సంబంధించిన విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. డీజిల్‌లో సహజంగా మైనం ఉంటుంది, ఉష్ణోగ్రత తగ్గితే అది శీతాకాలపు కొబ్బరినూనెలాగా కళ్లకు కనిపించేటట్టు గడ్డకట్టడం మొదలై ఫిల్టర్ రంధ్రాలను మూసేస్తుంది. మన ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం, ఫిల్టర్ గుండా డీజిల్ పారడం ఆగిపోయే ఉష్ణోగ్రత శీతాకాలపు సరుకుకు 6 డిగ్రీల సెల్సియస్‌కు, వేసవి సరుకుకు 18 డిగ్రీలకు మించకూడదు. ఇవి గరిష్ఠ హద్దులు, బంకుల్లో దొరికే సరుకు సాధారణంగా ఇంతకంటే మెరుగ్గానే ఉంటుంది. కానీ ఎండాకాలంలో నింపి నెలల తరబడి వాడని ట్యాంకుతో లంబసింగి, చింతపల్లి వైపు ఐదు డిగ్రీల చలిలో రాత్రి నిలిపితే ఇబ్బంది రావచ్చు. కనుక డిసెంబరు, జనవరిలో ట్యాంకు సగానికి పైగా తాజా డీజిల్‌తో ఉంచండి. కిరోసిన్ కలపమని ఎవరైనా చెబితే వినవద్దు. హైప్రెషర్ పంపు లోపలి భాగాలకు జారుడునిచ్చేది డీజిలే, కిరోసిన్‌లో ఆ గుణం తక్కువ. లడఖ్‌కు కారులో వెళ్లే మన ప్రాంతం వారికి కూడా ఒక మాట: ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో అక్కడ మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్‌ను ప్రవేశపెట్టింది, చలికాలంలో పైకి వెళితే దాన్నే నింపుకోవాలి.

గాలి వైపు లోపమైతే లక్షణం వేరుగా ఉంటుంది. తొక్కగానే సైలెన్సర్ నుంచి నల్ల పొగ వస్తుంది, ఎందుకంటే డీజిల్ పడుతోంది గానీ దాన్ని కాల్చే గాలి చాలడం లేదు. ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరిచే ఉండిపోతే కాలిన వాయువు తాజా గాలి స్థానాన్ని ఆక్రమిస్తుంది. మీకు పొగ లేదు కాబట్టి దీనికి తక్కువ ప్రాధాన్యం ఇస్తున్నాను. అయినా ఒక లెక్క చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది. 1,248 సీసీని నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కొక్కటి 312 సీసీ. విశాఖపట్నంలో, సముద్రమట్టం దగ్గర, 25 డిగ్రీల వేడిలో లీటరు గాలి బరువు సుమారు 1.18 గ్రాములు, కాబట్టి ఒక్క స్ట్రోక్‌లో ఎక్కువలో ఎక్కువ 370 మిల్లీగ్రాముల గాలి పడుతుంది. ఈజీఆర్ మూసి ఉన్నప్పుడు ఐడిలింగ్‌లో ఎయిర్ ఫ్లో సెన్సర్ దీనికి కొంచెం తక్కువ చూపాలి. ఈజీఆర్ మూయమన్నా 200 దగ్గరే ఉండిపోతే వాల్వు తెరిచి ఉండిపోయిందనో, సెన్సర్ తప్పు చెబుతోందనో అర్థం. సెన్సర్ కప్లర్ తీసి స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ బాగా రేజ్ అయితే సెన్సర్‌నే అనుమానించాలి, కప్లర్ తీసినందుకు ఒక కోడ్ వస్తుంది, దాన్ని తరువాత చెరపాలి.

పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇంజన్ తిరగనప్పుడు తాళం ఆన్ చేసి చూస్తే బూస్ట్ సెన్సర్ మీ ఊరి గాలి పీడనం, అంటే దాదాపు 91 కిలోపాస్కల్స్ చూపాలి, విశాఖలో అదే సెన్సర్ 101 చూపుతుంది. దిగువ ఊళ్ల అంకెలకు అలవాటుపడిన మెకానిక్ 91 చూసి సెన్సర్ పోయిందనుకునే ప్రమాదం ఉంది. అదే 60 గానీ 120 గానీ చూపితే సెన్సర్ నిజంగానే తప్పు.

ఉష్ణోగ్రత సెన్సర్‌ను పరీక్షించడానికి ఉదయం మొదటి క్షణాలే మంచి సమయం. రాత్రంతా నిలిచిన కారులో కూలెంట్, లోపలికి పీల్చే గాలి, డీజిల్, మూడింటి వేడీ బయటి చలికి మూడు నాలుగు డిగ్రీల తేడాలో ఉండాలి. కూలెంట్ ఒక్కటే మైనస్ 40 చూపితే తీగ తెగినట్టు, 130కి పైగా చూపితే తీగలు కలిసినట్టు. సెన్సర్‌ను విడిగా కొలిస్తే 20 డిగ్రీల దగ్గర సుమారు రెండు వేల నుంచి రెండున్నర వేల ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర మూడు వందల ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. హీటర్ ప్లగ్‌లు పోతే తెల్ల పొగ, వణుకు, ఒక సిలిండర్ కొట్టనట్టు శబ్దం వస్తాయి గానీ రేజ్ ఒకే చోట బిగుసుకుపోదు. మీది ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతోంది కాబట్టి వాటి జోలికి ఇప్పుడు పోనక్కర లేదు.

ఇదంతా చదివే ఇతరులకు ఒక వివరణ ఇవ్వాలి. కొన్ని కార్లలో, ముఖ్యంగా 2020 తరువాతి బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిళ్లలో, న్యూట్రల్‌లో నిలిపి ఉంచి తొక్కితే ఒక హద్దు దాటి రేజ్ కాకుండా కంపెనీయే కట్టడి పెట్టింది. చల్లని ఇంజన్‌లో టర్బోకు ఆయిల్ చేరే వరకు కొద్ది సెకన్లు మెల్లగా లేచే కార్లు కూడా ఉన్నాయి. అది లోపం కాదు. మీ కారు గత చలికాలాల్లో ఇలా చేయలేదు కాబట్టి మీకు ఇది వర్తించదు.

పరీక్షల్లో రెండు జాగ్రత్తలు తప్పవు. ఇంజన్ తిరుగుతున్నప్పుడు రైల్ పైపులు గానీ ఇంజెక్టర్ పైపులు గానీ విప్పవద్దు, ఆ పీడనంలో సన్నగా చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం. స్టార్టింగ్ స్ప్రేను ఈ ఇంజన్‌లో వాడవద్దు, ఎర్రగా కాలిన హీటర్ ప్లగ్ తగిలితే అది లోపలే పేలుతుంది.

లోపం దొరికేవరకు ఘాట్ రోడ్డు మీద ఎలా నడపాలన్నది అన్నిటికంటే ముఖ్యం. ఇంటి దగ్గర స్టార్ట్ చేశాక రేజ్ పూర్తిగా వస్తోందని నిర్ధారించుకున్న తరువాతే బయలుదేరండి. పాడేరు ఘాట్ దిగుతుండగా కట్టడిలోకి వెళితే, నడుస్తున్న కారును తాళం తిప్పి ఆపి మళ్లీ స్టార్ట్ చేద్దామని ఎట్టి పరిస్థితిలోనూ ప్రయత్నించవద్దు. డీజిల్ కారులో బ్రేక్ సర్వోకు కావలసిన వాక్యూమ్‌ను ఇంజన్‌తో తిరిగే పంపు ఇస్తుంది. ఇంజన్ ఆగితే రెండు మూడు తొక్కుళ్ల తరువాత బ్రేక్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. తక్కువ గేరులో నెమ్మదిగా వంపు దాటి, పక్కన వెడల్పు ఉన్న చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, అప్పుడు ఆపండి.

ఇంజెక్టర్ల విషయంలో నా మాట ఇది. ఉదయం చల్లని ఇంజన్‌తో పరీక్షించినప్పుడు పెడల్, బ్రేక్ స్విచ్, వోల్టేజి సరిగా ఉండి, కోరిన రైల్ ప్రెషర్ కంటే నిజమైనది వెనుకబడి, ఫిల్టర్ దాకా డీజిల్ బుడగలు లేకుండా వస్తుంటే, అప్పుడు ఇంజెక్టర్లు వెనక్కి వదిలే డీజిల్‌ను కొలిచే రిటర్న్ లీక్ పరీక్ష చేయించండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు తగిలించి కొద్ది నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచితే, అరిగిన ఇంజెక్టర్ సీసా మిగిలినవాటికంటే స్పష్టంగా ఎక్కువ నిండుతుంది. అప్పుడు కూడా ఆ ఒక్కదాన్నే తీసి విశాఖ ఆటోనగర్‌లో టెస్ట్ బెంచ్ ఉన్న డీజిల్ పంపు షాపుకు పంపి, రిపోర్టు చేతికి వచ్చిన తరువాత నిర్ణయించండి. కొత్తది పెడితే దాని మీద ముద్రించిన కోడ్‌ను ఈసీఎంలో రాయించాలి, ఆ పని చేస్తారా అని గ్యారేజీని ముందే అడగండి. నాలుగు సీసాలూ సమానంగా నిండితే ఇంజెక్టర్లను ముట్టుకోనివ్వవద్దు, హైప్రెషర్ పంపునూ, అందులోకి వెళ్లే డీజిల్‌ను కొలిచి వదిలే మీటరింగ్ వాల్వునూ చూడమనండి.